పచ్చ పేరు, ఎర్ర రంగు: పోర్చుగీసు తేలిక వైన్‌పై పాఠకుల సందేహాలు

గత సంచికలో నాటుకోడి గురించి రాస్తూ, ‘ఇలాంటి కూర పక్కన బరువైన ఎర్ర వైన్ కన్నా పోర్చుగల్ దేశపు తేలికపాటి ఎర్ర వైన్ నయం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే, దాన్ని అక్కడితో వదిలేయడం నా పొరపాటేనని తెలిసింది. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం చట్టవిరుద్ధం కాబట్టి, ఈ పేజీ ఆ వయసు దాటినవారి కోసమేనని ముందే మనవి.

ప్రశ్న: మా అల్లుడు పోర్చుగల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చాడు. దాని మీద ‘వీన్యు వెర్ద్’ అనీ, దాని కింద ‘తింతు’ అనీ ఉన్నదని చదివి చెప్పాడు. వెర్ద్ అంటే పచ్చ అట. తీరా గ్లాసులో పోస్తే సిరాలాగా నల్లగా దిగింది. ఒక గుక్క తాగేసరికి పళ్లు పులిసిపోయాయి, నాలుక చురుక్కుమంది. చెడిపోయిందేమోనని బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. పారబోయాలా, వద్దా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ)

జవాబు: పారబోయవలసిన పని లేదని రాయాలనే ఉంది గానీ, మీ ఉత్తరం నాకు చేరి, ఈ జవాబు అచ్చయి మీ చేతికి వచ్చేసరికి బిరడా తీసిన సీసా ఎటూ నిలవదు. అల్లుడుగారు ఈసారి తెచ్చే సీసాకు పనికివచ్చే జవాబుగా దీన్ని చదువుకోండి. మీరు చూసిన నలుపు, మీకు తగిలిన పులుపు, ఆ చురుక్కు, మూడూ ఆ వైన్ గుణాలే తప్ప దోషాలు కావు.

ముందు పేరు సంగతి. పోర్చుగల్ వాయవ్య మూలలో, స్పెయిన్‌తో సరిహద్దుగా పారే మీన్యు నది దగ్గర మొదలై, దక్షిణాన దోరు నదిని దాటి కొంత దూరం వరకు పరుచుకున్న వైన్ ప్రాంతం పేరే వీన్యు వెర్ద్. 1908లో దానికి అధికారికంగా హద్దులు గీశారు. అంటే అది రంగు పేరు కాదు, ప్రాంతం పేరు. అక్కడ తెల్ల వైన్, గులాబీ వైన్, ఎర్ర వైన్ మూడూ తయారవుతాయి. ‘తింతు’ అన్న మాటకే ఎరుపు అని అర్థం. మరి ‘పచ్చ’ ఎక్కడిది అంటే, అట్లాంటిక్ మహాసముద్రపు వానలతో నిత్యం పచ్చగా ఉండే నేలను బట్టి వచ్చిందని కొందరంటారు. ఏళ్ల తరబడి నిలవ పెట్టకుండా లేతగా ఉన్నప్పుడే తాగేది కాబట్టి వచ్చిందని మరికొందరంటారు. మనం పండనిదాన్నీ, ఎండనిదాన్నీ, వండనిదాన్నీ కూడా ‘పచ్చి’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం కాబట్టి, ఈ రెండో వివరణ మనకు వింతగా తోచదు. ఇవాళ ఆ ప్రాంతం నుంచి బయటి దేశాలకు వెళ్లేది ఎక్కువగా తెల్ల వైనే అయినా, కొన్ని దశాబ్దాల కిందటి వరకు అక్కడ ఎర్రదే ఎక్కువగా తయారయ్యేది. ఊరివాళ్లు ఇప్పటికీ ఇష్టంగా తాగే ఆ పాత సరుకే మీ ఇంటికి వచ్చింది.

ఇక నలుపు. నల్ల ద్రాక్షను చిదిమి చూస్తే సాధారణంగా లోపలి గుజ్జు రంగు లేకుండా ఉంటుంది. రంగంతా తొక్కలోనే ఉంటుంది. మీ సీసాలోని వైన్ బహుశా ‘వీన్యావ్’ అనే ద్రాక్షతో చేసినదై ఉంటుంది, ఎందుకంటే ఆ ప్రాంతపు ఎర్ర వైన్‌కు ఆధారం అదే. దానికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. అందుకే అంత సిరా రంగు. రంగు చూసి బరువైన వైన్ అనుకుంటాం గానీ, దానిలో ఆల్కహాల్ సాధారణంగా 10 నుంచి 11.5 శాతం మధ్యనే ఉంటుంది. వేడి దేశాల ఎర్ర వైన్లలో అది 14 శాతం దాకా పోతుంది. నేను తేలిక అన్నది ఈ లెక్కనే, రంగు లెక్కన కాదు.

పులుపు ఎందుకంటే, అది వానల సీమ. మన పెరట్లో బీరపాదును పందిరి మీదికి ఎక్కించినట్టు, అక్కడి రైతులు ద్రాక్ష తీగలను ఎత్తైన పందిళ్ల మీదికి, కొన్నిచోట్ల చెట్ల మీదికి కూడా పాకించేవారు. తేమ నేలకు దూరంగా, గాలి ఆడే ఎత్తులో గుత్తులు వేలాడితే కుళ్లు తక్కువ. పందిరి కింద మిగిలిన నేలలో మక్క, క్యాబేజీ పండించుకుంటే ఇంటి తిండి కూడా గడిచిపోతుంది. అరెకరం, ఎకరం కమతాల్లో బతికే రైతుకు ఇంతకన్నా తెలివైన సేద్యం ఏముంటుంది? అయితే మబ్బుల కింద పండిన పండులో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. పులిసేటప్పుడు చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి, చక్కెర తక్కువైతే ఆల్కహాల్ కూడా తక్కువే. నాలుక మీది చురుక్కును అక్కడివాళ్లు ‘సూది’ అనే అంటారు. పూర్వం పులియడం పూర్తికాకముందే సీసాలో నింపడం వల్ల కొద్దిగా గ్యాసు లోపలే చిక్కుకునేది. ఇప్పుడు చాలామంది తయారీదారులు నింపేటప్పుడే ఆ గ్యాసును కలుపుతున్నారు.

మనకు ఇది అర్థం కానిది కాదు. పొద్దున్నే దించిన తాటికల్లు ముంతలో బుసబుసమంటూ నాలుకను గిల్లుతుంది. అదే సాయంత్రానికి పులిసి వేరే సరుకవుతుంది. తాజాదనమే విలువగా ఉన్న పానీయాన్ని ఎలా తాగాలో ఓరుగల్లు జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. వీన్యు వెర్ద్ ఎర్ర వైన్‌ను కూడా అలాగే, కొన్న ఏడాది రెండేళ్ల లోపే తాగెయ్యాలి. పెళ్లి రోజు కోసం దాచిపెట్టే వైన్ కాదది.

కొన్నేళ్ల కిందట ఆ సీమలో ఒక పల్లెటూరి భోజనశాలలో కూర్చున్నప్పుడు, వడ్డించే ఆవిడ గ్లాసులు తేలేదు. తెల్లటి పింగాణీ గిన్నెలు తెచ్చింది. వాటిని ‘మాల్గ’ అంటారు. కూజాలో నుంచి వైన్ పోసి, గిన్నెను ఒకవైపుకు వంచి, మళ్లీ నిలబెట్టి నాకు చూపించింది. తెల్లటి అంచు మీద నేరేడు రంగు పూత అలాగే అతుక్కుని, నెమ్మదిగా కిందికి జారింది. మంచి వైన్‌కు అదే పరీక్ష అట. భోజనం అయ్యాక అద్దంలో చూసుకుంటే నా పళ్లు, పెదవులు నేరేడు పళ్లు తిన్న బడిపిల్లల మాదిరిగా ఉన్నాయి. తెల్ల చొక్కా వేసుకుని ఈ వైన్ తాగవద్దన్నది నేను అనుభవం మీద చెబుతున్న మాట.

దానితో అక్కడ ఏం తింటారన్నదాంట్లోనే మీ పళ్లు ఎందుకు పులిశాయన్నదానికి జవాబుంది. పంది మాంసం ముక్కలను వెల్లుల్లి, జీలకర్ర, వైన్‌లలో నానబెట్టి వాటి కొవ్వులోనే వేయించే ‘రుజోయ్ష్’, రక్తంతో జీలకర్ర వేసి జావలాగా ఉడికించే చలికాలపు వంటకం, శీతాకాలం చివర నదుల్లో దొరికే పాములాంటి లాంప్రే చేపను దాని రక్తంతోనే వండిన అన్నం, పక్కన మక్కపిండి రొట్టె. కొవ్వు, రక్తం, జీలకర్ర, మక్క రొట్టె: ఇది మన ఆదివారపు వంటిల్లే కదా! బోటి కూర, ‘నల్ల’ (రక్తం) వేపుడు, తలకాయ కూర జొన్నరొట్టెతో తినేవారికి ఈ వైన్ పులుపు ఎందుకో వెంటనే తెలిసిపోతుంది. నాలుకకు పట్టిన కొవ్వును అది కడిగి, మళ్లీ ముద్ద అందుకునేలా చేస్తుంది. కూర పక్కన లేకుండా ఒట్టిగా తాగారు కాబట్టే మీకు పళ్లు పులిశాయి. ఈసారి తలకాయ కూరలో కారం మామూలుకన్నా కాస్త తగ్గించి, వైన్‌ను చల్లబరచి, రెండింటినీ ఒకేసారి పరీక్షించండి.

ప్రశ్న: ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలోనే తాగాలనీ, ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందనీ ఒక పెద్ద హోటల్లో చెప్పారు. మీరేమో ఎక్కడ చూసినా చల్లబరచమంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
(పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ఎవరి గది అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ మాట పుట్టింది రాతి గోడల యూరప్ ఇళ్లలో. అక్కడ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో కరీంనగర్‌లో పగలు 42 డిగ్రీలు దాటి, రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. ఆ వేడిలో ఏ వైన్ పోసినా ముందు ముక్కుకు తగిలేది ఆల్కహాల్ ఘాటే; పండు వాసన, పులుపు రెండూ చప్పబడిపోతాయి.

తేలికపాటి ఎర్ర వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీలు సరిపోతాయి. బరువైన ఎర్ర వైన్‌ను అంతగా చల్లబరిస్తే దానిలోని వగరు మరీ గరుకుగా తేలుతుంది కాబట్టి వద్దంటారు. ఆ జాగ్రత్తను అన్ని ఎర్ర వైన్లకూ అంటగట్టడమే తప్పు. సీసాను ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టి, భోజనానికి అరగంట ముందు బయటికి తీయడం అన్నిటికన్నా సులువు. హఠాత్తుగా చుట్టాలు వస్తే, బకెట్‌లో ఐసు ముక్కలు, సీసా మెడ దాకా నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి ఇరవై నిమిషాలు ఉంచండి. ఒట్టి ఐసులో గుచ్చి నిలబెట్టిన దానికన్నా నీళ్లు కలిసిన ఐసులో సీసా త్వరగా చల్లబడుతుంది, ఎందుకంటే నీరు సీసాను అన్ని వైపులా తాకుతుంది. కరెంటు లేని రాత్రి అయితే తడి గోనెపట్టా చుట్టి రంజన్ పక్కన గాలి వచ్చేచోట పెట్టండి. అది 14 డిగ్రీలకు దిగదు గానీ, అసలు చల్లబడనిదాని కన్నా మేలే. గ్లాసులో ఐసు ముక్కలు మాత్రం వేయకండి. రెండు నిమిషాలకే వైన్ పలచబడుతుంది.

అన్నట్టు, వంటింటి అటక మీద, ఫ్రిజ్ పైన సీసాలను నిలవ ఉంచే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. ఒక్క ఎండాకాలం అక్కడ గడిపిన వైన్‌ను తర్వాత ఎంత చల్లబరిచినా ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: అంకాపూర్ నాటుకోడి కూర తెప్పించి, దాని పక్కకు ఖరీదైన, పేరున్న ఎర్ర వైన్ పెట్టి మిత్రులం నలుగురం కూర్చున్నాం. రెండో గుక్కకే నోరు మంటెత్తింది, వైన్ చేదుగా మారింది. డబ్బు వృథా అయింది. తప్పు కోడిదా, వైన్‌దా?
(వ్యాపారి, ఆర్మూర్)

జవాబు: రెండింటిదీ కాదు, ఆ రెండింటినీ కలిపిన చేతిది. ఖరీదైన ఎర్ర వైన్లలో చాలావాటికి మూడు గుణాలుంటాయి: ఆల్కహాల్ ఎక్కువ, టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఓక్ పీపాలో మాగిన కలప రుచి. మరిగి మరిగి ఎర్రబడ్డ చాయ్ తాగినప్పుడు, పచ్చి అరటికాయ కొరికినప్పుడు చిగుళ్లు బిగుసుకుపోతాయి చూడండి, ఆ పనే టానిన్ చేస్తుంది. నోట్లో కారానికి స్పందించే గ్రాహకమే వేడికీ, ఆల్కహాల్‌కూ కూడా స్పందిస్తుంది. అంటే కారంతో అప్పటికే రేగి ఉన్న నాలుక మీద 14 శాతం ఆల్కహాల్ పోయడమంటే మండే పొయ్యిలో నూనె పోయడమే. ఆ మంట మీద వగరు కూడా చేరితే మీరు చెప్పిన చేదే మిగులుతుంది.

అందువల్ల కారపు కూరకు వైన్ ఎంచేటప్పుడు నేను మూడే మూడు చూస్తాను: ఆల్కహాల్ 12.5 శాతం దాటకూడదు, వగరు తక్కువ ఉండాలి, పులుపు బాగా ఉండాలి. పోర్చుగల్‌లో ఈ కొలతకు సరిపోయేది వీన్యు వెర్ద్ ఒక్కటే కాదు. మీ కోడికి నిజానికి దానికన్నా దావ్ ప్రాంతపు తేలిక ఎర్ర వైన్ నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వీన్యావ్ ద్రాక్షకు కాస్త నాటు వగరు ఉంటుంది. కొవ్వు బాగా ఉన్న మాంసం దగ్గర అది కలిసిపోతుంది గానీ, కొవ్వు తక్కువైన నాటుకోడి దగ్గర బయటపడుతుంది. దావ్ అంటే పోర్చుగల్ మధ్యన, చుట్టూ కొండలు అడ్డుగా ఉన్న గ్రానైట్ నేల. మన హనుమకొండ గుట్టల రాయి కూడా గ్రానైటే కాబట్టి ఆ నేల రంగు మనకు కొత్తగా ఉండదు. అక్కడ పండే ‘ఝాయెన్’ అనే ద్రాక్షను స్పెయిన్‌లో మెన్సియా అంటారు. దానితో చేసిన వైన్ ఎర్ర పళ్ల వాసనతో, మెత్తగా, గొంతులోకి తేలిగ్గా దిగుతుంది. అయితే దావ్‌లో బరువైన వైన్లు కూడా తయారవుతాయి కాబట్టి ప్రాంతం పేరు ఒక్కటి చూసి కొనవద్దు. సీసా వెనక ఆల్కహాల్ శాతం చదవండి.

ఇంకో సంగతి. మనం పోర్చుగీసు వైన్‌కూ మన కారానికీ పొత్తు కుదర్చాలని చూస్తున్నాం గానీ, అసలు ఆ కారాన్ని తెచ్చిందే వాళ్లు. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరిన తర్వాత, పదహారో శతాబ్దంలో, పోర్చుగీసువారి ఓడల మీద అది మన పడమటి తీరానికి వచ్చింది. 1323లోనే ఓరుగల్లు కోట పడిపోయింది కాబట్టి, కాకతీయుల వంటశాలలో ఎండుమిరపకాయ ఉండే అవకాశమే లేదు. వాళ్ల కారం మిరియాలదీ పిప్పళ్లదీ. ఇవాళ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రటి కుప్పల మధ్య తుమ్ముతూ నడిచేవారికి ఈ మాట నమ్మబుద్ధి కాదు.

ఆ మార్కెట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. వైన్‌తో తినాలనుకున్న రోజు కూరలో మామూలు మిరపపొడి సగం తగ్గించి, ఆ సగానికి చపాటా మిరపపొడి వేయండి. టమాటాలాగా పొట్టిగా, బొద్దుగా ఉండే ఈ వరంగల్ మిరపకు రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూర ఎర్రదనం తగ్గదు, చూసేవాళ్లు మీ మగతనాన్ని శంకించరు, వైన్ రుచీ బతుకుతుంది. ఇలా వండిన కోడికి బగారన్నం తోడైతే, దానిలోని లవంగం, చెక్క వాసనలు ఝాయెన్‌తో చక్కగా కలుస్తాయి.

ప్రశ్న: చేపకు తెల్ల వైనే తాగాలంటారు. మాకు గోదావరి చేప తప్ప వేరే మాంసం అంతగా ఎక్కదు. ఎర్ర వైన్ మాకు ఇక లేనట్టేనా?
(పాఠకుడు, మంచిర్యాల)

జవాబు: ఆ నియమం పూర్తిగా మూఢనమ్మకం కాదు. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెలతో కలిసినప్పుడు నోట్లో నీచువాసన పెరుగుతుంది, వగరు ఎక్కువైతే లోహపు రుచి కూడా తేలుతుంది. అయినా మీన్యు సీమవాళ్లు నూనె కారే సార్డీన్ చేపలను నిప్పుల మీద కాల్చి, మక్క రొట్టె మీద పెట్టుకుని, ఎర్ర వైన్‌తోనే తింటారు. జూన్ నెలలో సెయింట్ ఆంథొనీ పండుగ రాత్రి లిస్బన్ వీధులన్నీ ఆ పొగతో నిండిపోతాయి. కాలిన చర్మపు చేదు, గల్లుప్పు, ఆ రెండూ నీచును కప్పేస్తాయి.

కాబట్టి మీకు కాల్చినది, వేయించినది అయితే ఫరవాలేదు. కొర్రమీను ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, కొద్దిగా కారం పట్టించి పెనం మీద అంచులు కరకరలాడేలా వేయించి, చల్లటి తేలిక ఎర్ర వైన్‌తో తినండి. చేపల పులుసు మాత్రం వేరే లెక్క. చింతపండు పులుపు వైన్ పులుపును మింగేస్తుంది. కూర కన్నా పులుపు తక్కువైన ఏ వైనైనా దాని పక్కన నీళ్లలాగా చప్పగా అనిపిస్తుంది. పులుసు చేసిన రోజు అన్నం తిని ఊరుకోవడమే మంచిది, లేదా అదే ప్రాంతపు తెల్ల వీన్యు వెర్ద్‌ను వెతుక్కోండి.

ప్రశ్న: మేము శాకాహారులం. మాంసం లేకుండా ఎర్ర వైన్‌కు ఏదైనా జత ఉందా? సర్వపిండి, సకినాలు వంటివి పనికొస్తాయా?
(పాఠకురాలు, కాజీపేట)

జవాబు: పనికొస్తాయి, అందులోనూ సర్వపిండి! బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లికాడ, కరివేపాకు కలిపి, గంజు అడుగున ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి సన్న సెగ మీద కాల్చినప్పుడు అడుగున పట్టే ఎర్రటి మాడు చెక్కు ఉంటుందే, దానికీ మాంసం కాలిన రుచికీ దగ్గరి చుట్టరికం. పల్లీల, నువ్వుల నూనె వైన్‌లోని వగరును మెత్తబరుస్తుంది. కిందటి చలికాలం మా అక్క గంజు బోర్లించి సర్వపిండి తీసి, ముక్కలు విరిచి పళ్లెంలో పెడితే, పక్కన చల్లటి దావ్ వైన్ ఉంచుకుని తిన్నాను. అంచు ముక్కల కోసమే పోటీ జరిగింది.

సకినాలు కూడా బాగుంటాయి, ఎందుకంటే ఉప్పు వైన్ పులుపును తగ్గించి చూపిస్తుంది, నువ్వులూ వామూ వాసననిస్తాయి. నెయ్యి వేసిన ముద్దపప్పు, గుత్తివంకాయ కూర ఫరవాలేదు. పచ్చిపులుసుకు నేను పైన చెప్పిన చింతపండు నియమమే వర్తిస్తుంది. భక్ష్యాలు, గరిజెలు వంటి తీపి వంటలను దగ్గరికి రానివ్వకండి. తీపి తిన్న నోటికి ఈ వైన్ నిమ్మరసంలాగే ఉంటుంది.

ప్రశ్న: దుకాణంలో సీసాల మీద పోర్చుగీసు మాటలు చూసి ఏది తేలికో, ఏది బరువో ఎలా పోల్చుకోవాలి?
(పాఠకుడు, జగిత్యాల)

జవాబు: ఆల్కహాల్ శాతం అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. ఆ తర్వాత ‘రిజెర్వ’ అన్న మాట కనిపిస్తే, అది సాధారణంగా ఎక్కువ బలమైన, తరచు పీపాలో మాగిన వైన్ అని గ్రహించి పక్కన పెట్టండి. మన పనికి అది కాదు. ‘పల్యేట్’ అని ఉంటే ఎర్ర ద్రాక్ష, తెల్ల ద్రాక్ష కలిపి పులియబెట్టినదని అర్థం. లేత ఎరుపుతో చాలా తేలిగ్గా ఉంటుంది, కనబడితే వదలకండి. దక్షిణాన అలెంతేజు ప్రాంతంలో మనిషెత్తు మట్టి గోలేలలో వైన్ పులియబెట్టే పద్ధతి రోమన్ల కాలం నాటిది; నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగకు ఆ గోలేలు తెరుస్తారు. ఆ వైన్లను ‘తాల్య’ అన్న మాటతో గుర్తించవచ్చు. మట్టి పాత్రకు ఓక్ కలప రుచి ఉండదు కాబట్టి వాటిలో కొన్ని మన వంటకు బాగా నప్పుతాయి, అయితే ఎండ ప్రాంతం కనుక శాతం చూడటం మరవద్దు. ఇవేవీ దొరకకపోతే ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతపు గమే ద్రాక్ష వైన్‌తో సరిపెట్టుకోండి. గుణంలో అది దగ్గరి బంధువే.

బిరడా సంగతి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. ప్రపంచంలోని బిరడా బెండులో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. ఆ బెండు ఒక రకం ఓక్ చెట్టు బెరడే; నాటిన పాతికేళ్లకు గానీ ఆ చెట్టుకు మొదటిసారి బెరడు తీయరు. తర్వాత తొమ్మిదేళ్లకొకసారి మాత్రమే తీస్తారు, చెట్టును నరకరు. అంతటి బిరడాను స్క్రూడ్రైవర్‌తో లోపలికి పొడిచి, వైన్‌లో తేలే ముక్కలను చాయ్ జాలితో వడపోసే మిత్రులు నాకున్నారు. మరమేకు అమర్చిన బిరడా తీసే పనిముట్టు ఒకటి కొని పెట్టుకోమని వాళ్లకు మనవి.

ప్రశ్న: ఎర్ర వైన్ గుండెకు మంచిదని మా బావగారు రోజూ తాగుతున్నారు. నిజమేనా?
(పాఠకురాలు, పెద్దపల్లి)

జవాబు: కాదు. ఆరోగ్యానికి హాని చేయని ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తేలిక వైన్ అయినా 150 మిల్లీలీటర్ల గ్లాసులో కనీసం పదిహేను మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. రుచి కోసం ఎప్పుడైనా తాగేవారికి ఈ శీర్షిక పనికొస్తుంది గానీ, మందు లెక్కన రోజూ తాగేవారికి పనికిరాదు. బావగారు గుండెకు మందులు వాడుతుంటే వెంటనే డాక్టరును అడగమనండి.

ప్రశ్న: ఇంట్లో ఇద్దరమే. సీసా తెరిస్తే సగం మిగిలిపోతుంది. ఏం చేయాలి?
(పాఠకుడు, హుజూరాబాద్)

జవాబు: బిరడా గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే రెండు మూడు రోజులు తాగేందుకు పనికొస్తుంది. ఆ తర్వాత వంటకు వాడండి, అదీ పోర్చుగీసు పద్ధతిలోనే. వైన్‌లోనూ వెల్లుల్లిలోనూ మాంసాన్ని నానబెట్టడాన్ని వాళ్లు ‘వీన్య దాల్యుష్’ అంటారు. ‘ఆల్యుష్’ అంటే వెల్లుల్లి. గోవాకు వచ్చి, కల్లు సిర్కా చేరి, మిరపకాయ కలిసి, ఆ పేరే విందాలూ అయింది. దానిలో ఆలుగడ్డ వేసే హోటళ్లు పేరును తప్పుగా విన్నాయన్నమాట.

అరకిలో మాంసానికి ఒక గ్లాసు మిగిలిన వైన్, పది పన్నెండు దంచిన వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర, నాలుగు చపాటా మిరపకాయలు, తగినంత ఉప్పు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఆ రసంతోనే సన్న సెగ మీద ఉడికించి, చివర నూనె తేలేదాకా వేయించండి. ఉడికితే ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుందన్నది అపోహ, కొంత మిగులుతుంది కాబట్టి పిల్లలకు వేరే కూర చేయండి. నానబెట్టడానికి గాజు గిన్నె గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. అల్యూమినియం గిన్నెలో పెడితే పులుపుకు లోహం దిగి, మాంసం రంగూ రుచీ రెండూ చెడతాయి.